చెరిసగం

సమీనా ఫోన్ వచ్చేసరికి భవ్య కాఫీ తాగుతోంది. మోచేతులు రెండూ బల్లకు ఆనించి, గ్లాసును రెండు చేతులా పట్టుకుని, మొహాన్నే గ్లాసు దగ్గరికి వంచి తాగడం ఆమెకు అలవాటు. భుజాలు పైకి లేవడం మానేసి చాలా కాలమైంది. ఫోన్ బల్లమీదే ఉండటంతో వేలితో నొక్కి స్పీకర్లో పెట్టింది.

"భవ్యక్కా, పొద్దున మళ్ళీ గొట్టం తీసి చూసినారు. జరీనా ఊపిరి తీయలే. మళ్ళీ వేసేసినారు."

సమీనా గొంతు బొంగురుపోయింది. అక్క జరీనా ఆస్పత్రిలో చేరినప్పటినుంచీ ఆమె ఐసీయూ బయట కుర్చీల్లోనే కునుకు తీస్తోంది.

"డాక్టర్లు ఏమంటున్నారు?"

"జబ్బు ముదిరిందంటాండారు. కాళ్ళూ చేతులూ అయినాయి, ఇప్పుడు ఊపిరి కండరాలకు పాకిందంట. ఇంక మిషన్ లేకుండా కాదంట. గొంతు కాడ రంధ్రం చేసి గొట్టం పెట్టాలంట. మధ్యాహ్నం సర్జన్ వస్తాడు, నువ్వు ఊ అంటే ఈరోజే చేసేస్తాం అంటాండారు."

భవ్య గ్లాసు కింద పెట్టింది. "ట్రయల్ నూనె వల్ల ఏమైనా అయిందేమో అడగలేదా?"

"అదీ అడిగితిని. సహన మేడమే పైవాళ్ళతో మాట్లాడి, ఎవరికి ఏ నూనె ఇచ్చినారో దాచిన కోడ్ జరీనాది విప్పించినారు. అక్కకు ఇచ్చింది మందు కాదంట. ఉత్త నూనె. మొదటినుంచీ ఉత్త నూనెనే తాగుతాండాదంట. దానివల్ల ఏమీ కాదు, ఆ అనుమానం పెట్టుకోవద్దు అన్నారు."

భవ్య గ్లాసును పక్కకు నెట్టింది.

"అక్కా, వింటాండావా? నాకు బుర్ర పనిచేయడం లే. అమ్మకు చెప్తే ప్రొద్దుటూరులో కూలబడిపోతాది. సంతకం పెట్టమంటావా?"

"కాసేపు ఆగు సమీనా. నేను... నేనే మళ్ళీ చేస్తా."

ఫోన్ పెట్టేశాక తల తిప్పి చూస్తే వంటింటి గుమ్మంలో రత్నమ్మ నిలబడి ఉంది. చేతిలో గరిటె. అంతా విన్నదని ఆమె మొహమే చెబుతోంది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ నూనె సంగతి ప్రపంచంలో ముగ్గురికే తెలుసు. మూడో మనిషి గొంతులో గొట్టంతో పడి ఉంది.

భవ్యకూ జరీనాకూ ఉన్నది ఒకటే జబ్బు. తొడలూ భుజాలూ మొదలుకొని, ఒంట్లో కండ అంతా ఏటికేడాది కరిగిపోయే జబ్బు. దానికి మందు లేదు. భవ్యకు ముప్పై నాలుగేళ్ళు. బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో తల్లితో ఉంటూ, చక్రాల కుర్చీలోంచే కంపెనీ పని చేసుకుంటుంది. వాళ్ళది తాతల కాలంనుంచీ బెంగళూరే. జరీనా ఉద్యోగం కోసం వచ్చి వర్తూరులో చెల్లెలితో ఉంటోంది, వయసులో చిన్నది. చేతికర్ర పట్టుకుని ఇంకా నడుస్తోంది. ఆమెకు చిన్నప్పటినుంచీ ఫిట్స్ కూడా ఉన్నాయి. వాటికి రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది.

ఇద్దరూ కలిసింది ట్రయల్లో. గంజాయి మొక్కలో మత్తెక్కించే గుణం ఒకటైతే, మత్తుతో సంబంధం లేని పదార్థాలు మరికొన్ని ఉన్నాయనీ, వాటిలో ఒకదాన్ని ఎలుకలకిస్తే కండరాల్లో వాపు తగ్గి కాస్త బలం నిలబడిందనీ, మనుషుల్లో పనిచేస్తుందో లేదో చూడాలనీ డాక్టర్ సహన చెప్పింది. సహన కన్నడావిడే కానీ హిందూపురంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది, తెలుగు బాగా మాట్లాడుతుంది. సగంమందికి మందు కలిపిన నూనె, సగంమందికి ఉత్త నూనె. రంగూ రుచీ ఒకటే. ఎవరికేది వచ్చిందో సహనకూ తెలియదు. ఏడాది గడిచాక మాత్రం అందరికీ అసలు మందే ఇస్తారు.

"గంజాయా? మన ఇంట్లో?" అని రత్నమ్మ మొదట చెంపలేసుకుంది. పోలీసులొస్తారేమోనని భయపడింది. ప్రభుత్వం అనుమతి ఉందని సహన నచ్చజెప్పాక, ఆ సీసాను తీసుకెళ్ళి ఏకంగా దేవుడి గూట్లో పెట్టింది.

మూడు నెలలు తిరిగేసరికి జరీనా మారిపోయింది. పిక్కలు పట్టేయడం తగ్గిందంది. ఇంటిముందు మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కానని వీడియో పంపింది. భవ్య ఆ వీడియో చూసి "సూపర్" అని రాసి, ఫోన్ బోర్లించి ఏడ్చింది. తనకు ఏ మార్పూ లేదు. దువ్వెన తలదాకా లేవదు. దుప్పటి తనంతట తాను లాక్కోలేదు. తనది ఉత్త నూనెనని ఆమెకు గట్టిగా అనిపించింది. జరీనా సంతోషంగా ఫోన్ చేసినప్పుడల్లా ఏదో పని ఉందని తొందరగా పెట్టేసేది. దానికి పేరు అసూయ అని ఆమెకు తెలుసు.

ఒకరోజు వర్తూరులో జరీనా ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఏడుపు దాచుకోలేకపోయింది. "నీకు దొరికింది, నాకు దొరకలేదు. ఏడాది అయ్యేసరికి నాకు ఈ చేతులు కూడా ఉంటాయో లేదో" అంది. జరీనా తన సీసావైపు చూపించింది.

"దాందేముందక్కా! రెండు సీసాలూ కలిపేసి చెరిసగం చేసుకుందాం. నాకు సగమైనా సాలు. నీకు సగమైనా పడ్తాది."

వద్దనాల్సింది భవ్య. అనలేదు. సీసాలు పట్టుకుని వంచే బలం ఇద్దరి చేతుల్లోనూ లేదు. రత్నమ్మే స్టీలు గిన్నెలో రెండూ పోసి, కలిపి, గరాటు పెట్టి మళ్ళీ నింపింది. ఆ తర్వాత కొత్త సీసాలు వచ్చినప్పుడల్లా అదే పని. సమీనా ఆఫీసులో ఉన్న వేళ చూసుకునే చేసేవాళ్ళు.

తర్వాత కొన్ని వారాలకు జరీనా నిద్ర గురించి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మీటింగుల్లో కూడా కళ్ళు మూతలు పడుతున్నాయంది. "అబ్బ, ఎంత హాయిగా ఉండాదో" అని నవ్వింది. భవ్య కూడా నవ్వింది. మందు సగమైంది కదా, జరీనా ఒంట్లో తగ్గిందే తప్ప పెరిగిందేమీ లేదు కదా అనుకుంది. జరీనాను ఐసీయూలో చేర్చారని విన్నప్పుడు కూడా అదే లెక్క వేసుకుని, నిమోనియా ఏమోనని ధైర్యం చెప్పుకుంది.

ఆ లెక్క ఇప్పుడు తలకిందులైంది. జరీనా సీసాలోది ఉత్త నూనె అయితే, కలిసిన మందు ఎక్కడిది? తన సీసాలోది. జరీనా ఒంట్లోకి కొత్తగా మందు పోసింది తాను.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఫిట్స్ మాత్ర వేసుకుంటుంది కాబట్టి జరీనాకు మొదటి నెలలో వారం వారం రక్తం తీసేవాళ్ళు. ఈ నూనెలో మందు ఉంటే ఆ మాత్ర ఒంట్లోంచి బయటికి పోకుండా పేరుకుంటుందనీ, మత్తు ఎక్కువవుతుందనీ సహన చెప్పిందట. నెలయినా తేడా ఏమీ కనిపించకపోయేసరికి అన్నిసార్లు తీయడం మానేశారు. "సూది పోట్లు తప్పినాయి" అని అప్పట్లో జరీనా సంబరపడింది. తేడా ఎందుకు కనిపించలేదో ఇప్పుడు తెలుస్తోంది.

అంటే ఊపిరి కండరాలు చచ్చిపోయి ఉండకపోవచ్చు. మత్తులో మునిగి ఉండవచ్చు. అసలే బలహీనమైన ఛాతీ, దానిమీద మత్తు. ఐసీయూలో కూడా ఫిట్స్ రాకూడదని ఆ మాత్ర గొట్టంలోంచి ఇస్తూనే ఉంటారు. ఆ సంగతి తెలియక మధ్యాహ్నం గొంతు కోస్తారు.

భవ్య ఫోన్ కోసం వేళ్ళు జరిపేసరికి అది బల్ల అంచునుంచి జారిపోయింది.

"అమ్మా, ఫోనివ్వు. కింద పడింది."

రత్నమ్మ కదల్లేదు. గరిటె బల్లమీద పెట్టి, కూతురికి ఎదురుగా కూర్చుంది.

"అంటే నీ సీసాలో ఉండేదే అసలు మందా?"

"అమ్మా, ఫోను."

"ఇన్ని నెలలూ నీకు వస్తా ఉండింది అసలు మందేనా భవ్యా? దేవుడు మన పక్కన ఉండాడప్పా. మనకే తెలీలేదు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషంతో వచ్చిన నీళ్ళని గ్రహించి భవ్య నిర్ఘాంతపోయింది.

"జరీనా చచ్చిపోతుందమ్మా."

"చచ్చిపోదు. గొట్టం పెడితే బతుకుతాది అనే కదా చెప్పింది? అంత పెద్ద డాక్టర్లు ఉండారు, వాళ్ళు చూసుకుంటారు. నువ్వు నోరు తెరిస్తే ఏమైతాది చెప్పు. ట్రయల్లోంచి తీసేస్తారు. ఆ మందు ఇంక యాడ దొరుకుతాది నీకు? సుమ్నే నోరు మూసుకుని ఉండు. ఈ ఒక్కసారి నా మాట విను."

"నేను చేసిన పనికి దాని గొంతు కోస్తుంటే సుమ్నే ఉండేదా?"

"నువ్వు కాదు. కలిపింది నేను. ఆ పాపం నాది. నేను మోసుకుంటాను." రత్నమ్మ గొంతు పెరిగింది. "ఒక బిడ్డను మట్టిలో పెట్టొచ్చినదాన్ని. రెండోదాన్ని కూడా పెట్టమంటావా?"

భవ్య అన్న పునీత్‌దీ ఇదే జబ్బు. అతను ఆస్పత్రి మంచంమీద, గొంతుకు కట్టిన గొట్టంతో, మాట బయటికి రాక పెదాలు మాత్రం కదుపుతూ పోయాడు. చివరి రోజుల్లో ఏమడిగాడో రత్నమ్మకు ఇప్పటికీ తెలియదు. నీళ్ళనుకుని నీళ్ళు పట్టింది, దుప్పటనుకుని దుప్పటి కప్పింది. వాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

ఫోన్ కుర్చీ చక్రం పక్కన నేలమీద ఉంది. భవ్య వంగి తీసుకోలేదు. వంగితే మళ్ళీ లేవలేదు. ఆ చిన్న వస్తువును చూస్తూ, అడుగు దూరంలో కూర్చున్న తల్లిని చూస్తూ, తన బతుకంతా ఇంకొకరు అందిస్తేనే అందే బతుకని ఆమెకు ఎప్పుడూ తెలిసిన విషయమే కొత్తగా తెలిసింది. తల్లిమీద కోపం వచ్చింది. కానీ ఆ కోపంలోనే ఇంకొకటి కూడా ఉంది. దేవుడి గూట్లో సీసా ఉంది. సగం పైన నూనె ఉంది. అందులో అసలు మందు ఉంది. తల్లి చెప్పినట్టు నోరు మూసుకుంటే చాలు, ఇకమీదట మొత్తం తనదే.

ఆ ఆలోచన వచ్చి పోలేదు. వచ్చి కూర్చుంది. వంటింట్లో పప్పు అడుగంటిన వాసన వచ్చినా రత్నమ్మ లేవలేదు. బయట రోడ్డుమీద ట్యాంకర్ వెనక్కి వస్తూ కీచుమంటోంది. గోడమీద ఎండ జరిగింది. ఫోన్ నేలమీద ఒకసారి మోగింది, సమీనా పేరు కనిపించింది, ఆగిపోయింది.

అప్పుడు భవ్య నెమ్మదిగా అడిగింది. "అన్నకు గొంతు కోసిన రోజు, ఎవరో ఒకరికి తెలిసి ఉండి, ఒక్క మాట చెప్తే ఆపగలిగేవాళ్ళయి ఉండి, వాళ్ళ బిడ్డ కోసం నోరు మూసుకున్నారని నీకు ఇప్పుడు తెలిసిందనుకో. ఏం చేస్తావమ్మా?"

రత్నమ్మ మొహం బిగుసుకుపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపింది. అక్కడే నిలబడింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, మొహం కడుక్కుంటోంది. తిరిగి వచ్చి, వంగి, ఫోన్ తీసి కూతురి ఒళ్ళో పెట్టింది.

సమీనాకు చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఛార్జింగ్ అయిపోయిందో, లోపలికి వెళ్ళేముందు ఆపేసిందో. సహనకు చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూడలేదు. ట్రయల్ ఆఫీసుకు చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తి మేడం మీటింగ్‌లో ఉన్నారన్నాడు.

"జరీనా పేషెంట్ సంగతి. మేమిద్దరం సీసాలు కలుపుకున్నాం. ఆమె తాగింది ఉత్త నూనె కాదు అని చెప్పండి మేడంకు. ఇప్పుడే చెప్పండి."

"ఏను మేడం? సీసా ఒడెదుహోయ్తా?" అన్నాడతను.

సీసా పగల్లేదని కన్నడంలో మొదటినుంచీ చెప్పుకొస్తుంటే, అవతల ఇంకో ఫోన్ మోగి అతను లైన్లో ఉండమని వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు.

"పెద్దమునియప్పను పిలు" అంది భవ్య.

పెద్దమునియప్ప వీధి చివర స్టాండులో ఉండే ఆటో మనిషి. భవ్యను ఆస్పత్రికి తీసుకెళ్ళేది ఎప్పుడూ అతనే. వచ్చి, చంకల కింద చేతులేసి లేపబోయి, రత్నమ్మ వైపు చూశాడు. కాళ్ళు ఆమె పట్టాలి. రత్నమ్మ దేవుడి గూటిముందు నిలబడి ఉంది. ఒక్క క్షణం ఆమె రాదేమో అనిపించింది భవ్యకు. సీసాను తీసి, పైటచెంగులో చుట్టి, బొడ్లో దోపుకుని వచ్చింది రత్నమ్మ. కూతురి కాళ్ళు పట్టుకుంది.

"బేగ పోనీ అప్పా" అంది మునియప్పతో.

ముందురోజు కురిసిన వానకు రింగ్ రోడ్డు పక్కన నీళ్ళు నిలిచి, మూడు వరసల బండ్లు ఒక వరసలోకి దూరుతున్నాయి. ఆటో పది అడుగులు కదిలి ఆగుతోంది. ప్రతి కుదుపుకూ భవ్య తల ముందుకు వాలుతుంటే రత్నమ్మ నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. అగర కూడలి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైపోయింది. సమీనా ఫోన్ ఇంకా స్విచాఫ్.

"ఏమైనా అర్జెంటా అమ్మా?" అన్నాడు మునియప్ప అద్దంలో చూస్తూ.

"అర్జెంటే అప్పా. మనిషి ప్రాణం" అంది భవ్య.

అతను మారుమాట్లాడకుండా ఆటోను ఎడమకు కోసి, ఒక లేఅవుట్ సందులోకి తిప్పాడు. గోతుల్లో ఎగిరి పడుతుంటే భవ్యకు వెన్ను కలుక్కుమంది. పళ్ళు బిగబట్టుకుంది. దారిపొడుగునా చెప్పాల్సిన మాట ఎలా మొదలుపెట్టాలా అని కూర్చుకుంటూనే ఉంది, ఏ మొదలూ బాగాలేదు.

భవ్యను ఆస్పత్రి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, లిఫ్టు దగ్గర జనాన్ని తోసుకుంటూ రత్నమ్మే నెట్టుకెళ్ళింది. ఐసీయూ బయట కుర్చీల్లో సమీనా ఒంటరిగా కూర్చుని ఉంది. చెంపలమీద చారలు. వీళ్ళను చూసి లేచి నిలబడింది.

"వచ్చినావా అక్కా? నీకు చేస్తే ఎత్తలేదే. ఒప్పుకుంటిని. సర్జన్ ఇప్పుడే లోపలికి పోయినాడు."

"ఆపు" అంది భవ్య. "ఆపించు సమీనా. జరీనా తాగింది ఉత్త నూనె కాదు. నా సీసాలో మందు ఉంది. ఇద్దరం కలుపుకుని తాగాం, రెండు నెలలనుంచి. నీకు చెప్పలేదు. ఫిట్స్ మాత్రతో కలిసి మత్తు పేరుకుంది. దాని ఊపిరి పోలేదు, అది నిద్రలో ఉంది. పరిగెత్తు, పో!"

సమీనా అర్థంకానట్టు చూసింది. రత్నమ్మ బొడ్లోంచి సీసా తీసి ముందుకు చాపింది. "కలిపింది నేనే తల్లీ" అంది. సమీనా ఆ సీసాను చూసింది, భవ్యను చూసింది. మరుక్షణం తిరిగి, ఐసీయూ తలుపును రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది. సెక్యూరిటీ అతను అడ్డం వస్తే తోసేసింది. "సహన మేడం! ఆపండి! మేడం!" అని అరిచిన అరుపుకు వరండా అంతా లేచి నిలబడింది.

తలుపు తెరుచుకుని సహన బయటికొచ్చింది. నెత్తిన నీలం టోపీ. భవ్య మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. సహన మొహంలో రంగు మారింది కానీ అరవలేదు. సీసా చేతిలోకి తీసుకుంది.

"ఎప్పటినుంచి?"

"ఉగాది తర్వాతనుంచి."

"సరిగ్గా సగమేనా?"

"సగమే."

"చివరిసారి ఆమె ఎప్పుడు తాగింది?"

"ఇక్కడికి వచ్చిన రోజు పొద్దున తాగిందనుకుంటా."

సహన ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. అద్దం వెనక తెర లాగి ఉంది. లోపల ఏం జరుగుతోందో కనిపించలేదు. సర్జన్ బయటికి రాలేదు. సమీనా తలుపుకు ఆనుకుని నిలబడింది. భవ్య తన ఒళ్ళో పడి ఉన్న చేతులను చూస్తూ కూర్చుంది. ఆలస్యమైపోయిందేమో, ఇప్పటికే కోశారేమో. ఇంట్లో గోడమీద ఎండ జరగడం కళ్ళముందు కదిలింది.

చివరికి సర్జన్ వచ్చాడు. గ్లౌజులు విప్పుకుంటూ ఎవరివైపూ చూడకుండా లిఫ్టు వైపు నడిచాడు. వెనకే సహన వచ్చింది.

"చేయలేదు" అంది. "మాత్ర సగానికి పైగా తగ్గిస్తున్నాం. ఒకేసారి ఆపేస్తే ఫిట్స్ వస్తాయి. రక్తం పంపించాం. మత్తు దిగడానికి రోజులు పడుతుంది. అప్పుడు గొట్టం తీసి చూస్తాం. మీరు చెప్పిందే కారణమైతే లేస్తుంది. కాకపోతే, ఈ ఆపరేషన్ మాట మళ్ళీ మాట్లాడుకోవాలి."

సమీనా కుర్చీలో కూలబడింది. తల తిప్పకుండానే అడిగింది. "పొద్దున ఫోన్ చేసినప్పుడే తెలుసునా నీకు?"

"తెలుసు."

"మరి?"

భవ్య దగ్గర చెప్పడానికి ట్రాఫిక్ ఉంది, ఎత్తని ఫోన్లున్నాయి, తల్లి ఉంది. అవేవీ చెప్పలేదు. "మందు పోతుందని భయపడ్డా" అంది.

సమీనా లేచి వెళ్ళి వరండా ఆ చివర కుర్చీలో కూర్చుంది.

మర్నాడు ఏమీ మారలేదు. ఆ మర్నాడూ అంతే. భవ్య రోజూ ఆస్పత్రికి వచ్చింది. సమీనా మాట్లాడలేదు, పొమ్మనీ అనలేదు. రత్నమ్మ తెచ్చిన అన్నం డబ్బా కుర్చీమీద అలాగే ఉండిపోయేది. ఒకరోజు రక్తపరీక్ష వచ్చింది. ఫిట్స్ మాత్ర అవశేషం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉందని సహన చెప్పింది. అప్పటికి భవ్యకు కాస్త ఊపిరాడింది. జరీనాకు మాత్రం ఇంకా ఆడలేదు.

వారం తిరుగుతుండగా ఒక ఉదయం జరీనా కళ్ళు తెరిచి, గొట్టాన్ని పీకడానికి చెయ్యి లేపింది. నర్సు ఆ చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం గొట్టం తీశారు. ఛాతీ బలహీనమైన మాట నిజమే. పడుకున్నప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకుని మిషన్‌తో ఊపిరి తీయాలి. పగలు మాత్రం తనంతట తానే తీస్తోంది. గొంతు చెక్కుచెదరలేదు.

జరీనాను వార్డుకు మార్చిన రోజు సహన భవ్యను తన గదికి పిలిపించింది. టోపీ లేకుండా ఆమె ఇంకా చిన్నదిగా, అలిసిపోయినట్టుగా కనిపించింది.

"మీ ఇద్దర్నీ ట్రయల్లోంచి తీసేయాల్సి వచ్చింది. నేను వద్దన్నా అవదు."

"తెలుసు మేడం."

"ఆమె చనిపోయి ఉంటే, ఉత్త నూనె తాగినామె జబ్బు ముదిరి చనిపోయిందని మేం రాసుకునేవాళ్ళం. ఆ రాత చూసి ఇంకెంతమందికి ఏం చేసేవాళ్ళమో." సహన పెన్ను మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది. "అన్నింటికన్నా అది తలుచుకుంటే భయమేస్తోంది నాకు."

భవ్య తల దించుకుంది. తర్వాత, అడగకూడదని తెలిసీ అడిగింది. "నాకేమీ తేడా తెలియలేదు కదా మేడం. ఆ మందు పనిచేయదా?"

"తెలీదు. మొదటి రోజు మీ చేతుల బలం ఎంతుందో ఇప్పటికీ అంతే ఉంది. తగ్గలేదు. అది మందువల్లో, మీ జబ్బే ఈ ఏడు నెమ్మదించిందో ఒక్క మనిషిని చూసి నేనెలా చెప్పను? అది తేల్చడానికే ఇంతమందిని పెట్టుకున్నది. పనిచేస్తుందని తేలితే అప్పుడు బజారులోకి వస్తుంది. అందరితోపాటు మీకూ." ఆమె లేచి తలుపు తెరిచి పట్టుకుంది. "ఇంతలో బయట ఎవరో అమ్మే నూనెలు కొని తాగొద్దు. నాకు మాటివ్వండి."

భవ్య మాటిచ్చింది. బయట వరండాలో రత్నమ్మ ఎదురుచూస్తోంది. కుర్చీ నెడుతూ దారిలో ఒకచోట ఆగి, పైటతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నెట్టింది.

వార్డులో జరీనా దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. సమీనా మందులు తేవడానికని లేచి, భవ్య పక్కనుంచి చూడకుండా వెళ్ళిపోయింది. రత్నమ్మ మంచం దగ్గరికి వచ్చి జరీనా తల నిమిరి బయటికి నడిచింది.

ఇద్దరే మిగిలారు.

"ఉత్త నూనేనంట కదా నాకిచ్చింది" అంది జరీనా. గొట్టం ఒరిపిడికి గొంతు గరగరలాడుతోంది.

"అవును."

"మరి ఆ మెట్లెట్లెక్కినా?"

జరీనా తన కాళ్ళవైపే చూసుకుంది, అవి తనను మోసం చేసినట్టో, తాను వాటిని మోసం చేసినట్టో. తర్వాత కళ్ళెత్తింది.

"సమీ అన్నీ చెప్పింది. పూటంతా కూర్చుని ఆలోచించినావంట, చెప్పాలా వద్దా అని."

"ఆలోచించా" అంది భవ్య. "చెప్పకుండా ఉండిపోతానేమో అని కూడా అనిపించింది. నీకు అబద్ధం చెప్పను."

జరీనా మొహం గోడవైపు తిప్పుకుంది. పక్క మంచం దగ్గర ఎవరో బత్తాయి ఒలుస్తున్నారు. నర్సు వచ్చి వేలికి క్లిప్పు పెట్టి, అంకె చూసుకుని వెళ్ళింది. భవ్య తన కుర్చీని తానే వెనక్కి తిప్పుకోలేదు కాబట్టి అక్కడే కూర్చుంది. తిప్పుకోగలిగినా కూర్చునేదే.

"నేనైతే రెండు పూటలు ఆలోచించేదాన్నేమో" అంది జరీనా గోడవైపునుంచే. "ఐనా గాని, కోపం మాత్రం పోలే నాకు."

"పోనక్కర్లేదు."

"నీళ్ళు కావాల."

గ్లాసు మంచం పక్క బల్లమీద ఉంది. భవ్య రెండు చేతులతో దాన్ని పట్టుకుని, మోచేతులు మంచం అంచుకు ఆనించి, లేపగలిగినంత ఎత్తు లేపింది. అది జరీనా నోటిదాకా రాలేదు. జరీనా దిండ్ల మీదనుంచి కష్టంగా ముందుకు వంగి, ఆ గ్లాసులోంచి తాగింది.